ఎనిమిదో బండి

జెర్సీ సిటీలో ఆ ఆరంతస్తుల వృద్ధుల బిల్డింగ్ నుంచి డీజిల్ జనరేటర్‌ని తీయించేసింది దేదీప్యే. ఈ సంగతి ముందే చెప్పుకోవాలి. తర్వాత జరిగినదంతా వింటుంటే ఆ పిల్ల మీద జాలి పుడుతుంది. పుట్టనివ్వండి, తప్పులేదు. కానీ ఇది మాత్రం మరిచిపోకూడదు.

ఆమెకి ఇరవయ్యేడేళ్ళు. కరీంనగర్ నుంచి మాస్టర్స్‌కని వచ్చి, చదువయ్యాక పార్సిప్పనీలో దామోదర్ గారి కంపెనీలో చేరింది. పద్నాలుగు మంది పనిచేసే చిన్న కంపెనీ. వాళ్ళు తయారుచేసేది ఒకటే వస్తువు, ట్రక్కు వెనక తగిలించుకుని ఎక్కడికైనా లాక్కుపోగలిగే సోలార్ బండి. పైన విప్పి పరిచే పలకలు, లోపల రెండు బీరువాలంత బ్యాటరీ. కరెంటు పోయినచోట నిలబెడితే పొగా చప్పుడూ లేకుండా పని కానిస్తుంది. కాగితాల మీద దాని పేరు యూనిట్. దామోదర్ గారూ దేదీప్యా తెలుగులో మాట్లాడుకునేటప్పుడు మాత్రం బండి అనే అనేవారు. అలాంటివి ఎనిమిది తయారయ్యాయి.

బండికి బుర్ర దేదీప్య రాసిన ప్రోగ్రామ్. ఉన్న కరెంటు ముందు ఎవరికివ్వాలి, తర్వాత ఎవరికివ్వాలి, ఎవర్ని చీకట్లో ఉంచినా ఫరవాలేదు అన్నది అదే తేలుస్తుంది. జెర్సీ సిటీ బిల్డింగ్‌కి ఆమె రాసిన వరస ఇది: మొదట ఆక్సిజన్ మిషన్లున్న మూడు ఫ్లాట్లు, తర్వాత ఇన్సులిన్ దాచుకునే ఫ్రిజ్‌లు, తర్వాత లిఫ్ట్, అన్నిటికన్నా ఆఖర్న కింద హాల్లో ఏసీ. ఈ వరస కోసం ఆమె ఇంటింటికీ తిరిగి, ఎవరికి ఏ జబ్బో అడిగి రాసుకుంది. ఇంజనీర్లలో అంత ఓపిక ఉన్నవాళ్ళు తక్కువ.

బ్యాటరీ అంటే నిప్పుతో చెలగాటం కనక, ఇంకో కట్టుబాటు కూడా పెట్టింది. బ్యాటరీ ఉబ్బిందని ఎవరైనా రికార్డులో రాస్తే, ఆ క్షణం నుంచీ బండి ఒక్క బల్బుకి కూడా కరెంటివ్వదు. తాళం పడిపోతుంది. వెయ్యడానికి ఒక్క మనిషి చాలు. తియ్యడానికి మాత్రం వేసినవాళ్ళు పనికిరారు, అధికారమున్న రెండో మనిషి చూసి సరేననాలి. అత్యవసరానికి దొడ్డిదారి ఒకటి పెడదామని మీటింగ్‌లో ఎవరో అంటే, దొడ్డిదారి ఉంటే తాళం ఎందుకని పట్టుబట్టి కొట్టేయించింది కూడా ఆమే.

కిందటి శరదృతువులో ఆ బిల్డింగ్ హాల్లో ముసలివాళ్ళందర్నీ కూర్చోబెట్టి ఆమె బండి గురించి చెప్పింది. ఆ పాత జనరేటర్ నెలకోసారి పరీక్షకని తిప్పినప్పుడల్లా పొగంతా రెండో అంతస్తు కిటికీల్లోకి వెళ్తుందనీ, గవర్నమెంట్ గ్రాంట్ మీద బండి ఊరికే వస్తుందనీ చెప్పింది. వెనక వరసలోంచి ఒకావిడ చెయ్యెత్తింది. ముక్కుకి సన్నటి గొట్టం, పక్కన చక్రాల మీద చిన్న ఆక్సిజన్ సిలిండర్. ముందు ఇంగ్లీషులో అడగబోయి, దేదీప్య మెడలో ఐడీ కార్డు మీద పేరు చూసి తెలుగులోకి దిగింది.

"సూర్యుడు రాని రోజున ఏం చేస్తావమ్మా? వెళ్ళి బతిమాలుతావా?"

"రెండ్రోజులు మబ్బున్నా మీ మిషన్లు నడుస్తయి ఆంటీ. నాదీ గ్యారంటీ."

"నీదా, కంపెనీదా?"

"నాదే," అంది దేదీప్య.

ఆవిడ పేరు రాధారాణి. ఊరు రాజమండ్రి. ముప్పయ్యేళ్ళు ఇక్కడే ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో రక్తపరీక్షలు చేసి రిటైరైంది. పిల్లలు లేరు, భర్త పోయాడు, మిగిలిన ఊపిరితిత్తులు అరవీసం. అయినా నోటికి మాత్రం ఏ రోగమూ లేదు. ఐదో అంతస్తులో ఆవిడ ఫ్లాట్‌కి దేదీప్య మొదట బండి పనిమీద వెళ్ళింది, తర్వాత ఏ పనీ లేకుండా వెళ్ళడం మొదలుపెట్టింది. ఆదివారం పొద్దున పెసరట్లు వేసి పెట్టి, తను మాత్రం సగం తిని ఆయాసపడుతూ కూర్చుని, "మీ తెలంగాణోళ్ళకి అల్లం చట్నీలో బెల్లం ఉంటే మొహం ముడుచుకుపోతుందే," అని ఏడిపించేది. వెళ్ళడానికి ఒక ఇల్లు దొరికింది కదా అని దేదీప్యా మురిసిపోయింది. పరాయి దేశంలో ఒక ఇంటి తలుపు మనకోసం తెరుచుకోవడం చిన్న విషయం కాదు.

చలికాలం రెండుసార్లు కరెంటు పోయింది. రెండుసార్లూ బండి చెప్పిన మాట నిలబెట్టుకుంది. దాంతో బిల్డింగ్ వాళ్ళు జనరేటర్‌ని పాత ఇనుముకి ఇచ్చేశారు. రాధారాణి గదిలో చోటు తినేస్తున్నాయని అదనపు సిలిండర్లు వెనక్కి పంపేసి ఒక్కటే ఉంచుకుంది. "నీ బండి ఉందిగా," అంది. దేదీప్య వద్దనలేదు. పైగా గర్వపడింది.

మే నెలలో గ్రాంట్ ఆగిపోయింది. సోలార్‌కి ఇచ్చే డబ్బులు ఒక్కొక్కటే కోసేస్తూ, మిలిటరీ పద్దుని మాత్రం కొండంత పెంచేస్తున్న కాలం అది. దామోదర్ గారిది గుంటూరు. మెతకమనిషి. ఎవరినీ తిట్టి ఎరగడు. ఆయన అందర్నీ పిలిచి, ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. జీతాలకి ఆగస్టు దాకా వస్తుంది. తర్వాత లేదు. జూన్ మొదటివారంలో మళ్ళీ పిలిచాడు. ఈసారి మొహం తేటగా ఉంది. ఎవరి కళ్ళలోకీ చూడలేదు గాని, తేటగానే ఉంది.

పడమటి ఎడారిలో ఒక మిలిటరీ స్థావరం వాళ్ళకి ఎనిమిది బండ్లూ కావాలట. డ్రోన్లు నడిపే శిక్షణ మైదానంలో కెమెరా టవర్లకీ రేడియోలకీ కరెంటివ్వాలి. జూలైలో చూపించాలి, బాగుంటే రెండొందల బండ్లు కొంటారు. కంపెనీ బతుకుతుంది.

"మంచిదేగా అమ్మా, వాళ్ళూ డీజిలే కాలుస్తున్నారు, అది తగ్గుతుంది," అన్నాడు దామోదర్ గారు, దేదీప్య ఏమీ అడక్కుండానే.

తర్వాత లాయరు పంపిన కాగితం వచ్చింది. దాన్ని చదివి వినిపించే పని నీరజ్ మీద పడింది. నీరజ్ ఇక్కడే ఎడిసన్‌లో పుట్టి పెరిగినవాడు, దేదీప్యకి టీమ్ లీడ్, మంచివాడు. కాంట్రాక్ట్ మొదలైన రోజు నుంచి బండి డ్రాయింగులు, ప్రోగ్రామ్, రికార్డులు, వేటినీ ఈ దేశపు పౌరులు, గ్రీన్‌కార్డ్ ఉన్నవాళ్ళు తప్ప ఇంకెవరూ తెరవకూడదు. పద్నాలుగు మందిలో ఆ రెండూ లేనిది దేదీప్య ఒక్కతే.

"దీప్, ఐయామ్ సో సారీ," అన్నాడు నీరజ్. "లాయర్ చెప్పింది, ఫ్రైడే ఫైవ్‌కి నీ లాగిన్ ఆఫ్ అవుతుంది. నువ్వు రాసిన ఫైల్స్ కూడా నువ్వు చూడకూడదు. ఇట్స్ స్టుపిడ్, నాకు తెలుసు."

"నేను రాసింది నేను చూస్తే ఏమైతది నీరజ్? నా తలకాయల ఉన్నదాన్ని ఏం చేస్తరు?"

నీరజ్ ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

రాసినవి పోతే పోయాయి, తలలో ఉన్నాయి కనక మళ్ళీ రాసుకోవచ్చు. దేదీప్యకి వేరే గుబులు పట్టుకుంది. ఎనిమిది బండ్లలో ఎనిమిదోది జెర్సీ సిటీలో ఉంది. దాన్నీ తీసుకుపోతే, నిండు వేసవిలో ఆ బిల్డింగ్‌కి జనరేటరూ లేదు, బండీ లేదు. గ్యారంటీ నాదే అన్న నోరు మాత్రం ఉంది. బుధవారం దామోదర్ గారి గదిలోకి వెళ్ళింది.

"సర్, ఒక్కటి అక్కడనే ఉంచుదాం. ఏడు పంపండి. ఇంకొకటి జూలైలోపు తయారుచేస్తం, నేను రాత్రింబగళ్ళు కూర్చుంట."

"నువ్వు కూర్చోవడానికి లేదుగా అమ్మా," అన్నాడాయన. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే బాధపడుతూ అన్నాడు. "వాళ్ళు నంబర్లతో సహా రాసుకున్నారు. పనిచేసే బండిని నేనే దాచుకుంటే మోసం కిందకొస్తుంది. ఏ బండైనా పాడైపోయి ఉంటే అది వేరే సంగతి, దాని బదులు కొత్తది చేసిస్తామని రాసుకోవచ్చు. బాగున్నదాన్ని ఎట్లా ఆపను? బిల్డింగ్‌వాళ్ళకి నెలరోజులు నోటీసు ఇస్తాం. వాళ్ళు ఏదో చూసుకుంటారు."

చూసుకోలేరని ఇద్దరికీ తెలుసు. ఆ బిల్డింగ్‌లో లిఫ్ట్ బటన్ ఊడిపోతే మార్చడానికి ఏడాది పట్టింది.

ఎన్ని విధాల ఆలోచించినా ఆ పిల్ల మనసు, ఆయన అన్న "పాడైపోయి ఉంటే" అనే మాట దగ్గరే ఆగింది. గురువారం భోజనాల వేళ నీరజ్‌ని పార్కింగ్‌లోకి పిలిచి, తను చెయ్యబోయేది చెప్పింది. ఎనిమిదో బండికి బ్యాటరీ ఉబ్బిందని రికార్డులో రాస్తుంది. చిన్నాచితకా రోగం రాస్తే బాగుచేసి పంపమంటారు. ఉబ్బిందంటే మాత్రం అలాంటి బ్యాటరీని మామూలు ట్రక్కు మీద రోడ్డెక్కించడానికి వీల్లేదు. బండి ఉన్నచోటే ఉండిపోతుంది. మిలిటరీ వాళ్ళు కొత్త ఎనిమిదోదాన్ని తీసుకుంటారు. గొడవ సద్దుమణిగాక నీరజ్ తన లాగిన్‌తో తాళం తీసేస్తాడు.

"ఎన్ని రోజులు?" అన్నాడు నీరజ్.

"ట్రక్కులు పోయినంక. పది రోజులు."

నీరజ్ కాసేపు బూటుతో కంకర తన్నాడు. "ఓకే," అన్నాడు. "వన్ కండిషన్. నా పేరు నువ్వు ఎక్కడా చెప్పొద్దు."

శుక్రవారం నాలుగున్నరకి రాసింది. మూడే లైన్లు. ఎడమవైపు మూడో వరస, రెండు గడులు ఉబ్బాయి, తాళం. ఐదింటికి స్క్రీన్ మీద ఆమె పేరు బూడిదరంగులోకి మారింది. చేసిన పని మంచిదేనని ఆమె మనసు ఆ సాయంత్రం గట్టిగా నమ్మింది. ఇంటికెళ్ళి కడుపునిండా అన్నం తింది కూడా.

బిల్డింగ్ మేనేజర్‌కి ఫోన్ చేసి, బండికి చిన్న తనిఖీ ఉంది, కొన్నాళ్ళు ఆపి ఉంచుతున్నామని చెప్పింది. ఆఫీసువాళ్ళు వెళ్ళి బండి తలుపు మీద ఎర్ర కాగితం అంటించి వచ్చారు. అనుకున్నట్టే ఏడు బండ్లు పడమరకి బయల్దేరాయి. ఎండతో నడిచే ఏడు బండ్లని అంతదూరం ఏడు డీజిల్ ట్రక్కులు లాక్కుపోయాయి. ఆ తమాషాని చూసి నవ్వే మనిషి ఆఫీసులో ఒక్కరూ లేకపోయారు.

పది రోజుల్లో తీస్తానన్న నీరజ్‌ని దామోదర్ గారు బండ్ల వెంటే స్థావరానికి పంపేశాడు. అక్కడ గేటు దగ్గరే ఫోన్లు లాగేసుకుంటారు. సాయంత్రం హోటల్‌కి వచ్చాక గాని మాట్లాడటానికి లేదు.

"ఇప్పుడు క్లియర్ చేస్తే అదే డే వాళ్ళకి కనిపిస్తుంది దీప్. ఉబ్బిన బ్యాటరీ మ్యాజిక్‌లా ఎలా బాగైంది అని అడుగుతారు. టెస్ట్ అయ్యాక, వాళ్ళు సైన్ చేశాక చేద్దాం. జూలై ఎండ్."

"జూలైల ఎండలు నీకు తెల్వదా?"

"తెలుసు. నువ్వు దామోదర్ అంకుల్‌కి చెప్పు, ఆయన టూ మినిట్స్‌లో తీస్తాడు." తనే మళ్ళీ అన్నాడు. "కానీ చెప్తే నీ హెచ్1 ఏమవుతుందో నాకు తెలీదు."

తెలియకపోవడమేం, ఇద్దరికీ తెలుసు. మూడో ప్రయత్నానికి ఆమె పేరు వీసా లాటరీలో వచ్చింది. అక్టోబర్ ఒకటిన కొత్త వీసా మొదలవుతుంది. అంతదాకా దామోదర్ గారి సంతకమే ఆమె కాళ్ళ కింద నేల. మిలిటరీ రికార్డులో అబద్ధం రాసిన విదేశీ పిల్ల అని ఒక్క కాగితం పైకి వెళ్తే వీసా మాట అటుంచి, విమానం ఎక్కించేస్తారు. అక్టోబర్ దాకా ఎవరితోనూ ఏ గొడవా పెట్టుకోకని రూమ్మేట్ నిధి రోజూ దీవెనలా చెప్పేది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నుయ్యీ గొయ్యీ రెండూ తను తవ్వుకున్నవే.

దామోదర్ గారి గది తలుపుదాకా మూడుసార్లు వెళ్ళింది. మూడుసార్లూ వేరే పని అడిగి వచ్చేసింది. భయం సంగతి ఇంతే, ఒక్కరోజు ఆగుదాం అంటూనే నెల మింగేస్తుంది. ఈ నెల రోజుల్లో ఆమె నోరు తెరవడానికి ఎన్నో పగళ్ళు ఉన్నాయి. తెరవలేదు. ఇక్కడ ఆమెని వెనకేసుకురావడం నావల్ల కాదు.

నీరజ్ సాయంత్రాలు ఫోన్ చేసి అక్కడి సంగతులు చెప్పేవాడు. వాడికీ లోపల ఏదో కెలుకుతోంది. బండ్లు బాగా పనిచేస్తున్నాయట. అందరూ మెచ్చుకుంటున్నారట. "మన బండి వన్ ఇయర్‌లో సేవ్ చేసే డీజిల్, పైన తిరిగే జెట్ ఒక ఆఫ్టర్‌నూన్‌లో తాగేస్తుంది దీప్. నేను మ్యాథ్ చేశాను, చేసి ఉండకూడదు. బేస్ చుట్టూ ఊళ్ళలో బావినీళ్ళు తాగొద్దని బోర్డులు ఉన్నాయి. వీళ్ళు గేట్ దగ్గర మన బండి ఫొటో పెట్టారు, గ్రీన్ బేస్ అని."

"ఎవరికి ముందు కరెంటిస్తుంది అక్కడ?" అని అడిగింది దేదీప్య. తను రాసిన వరస ఏమైందో తెలుసుకోవాలనిపించింది.

"అది నేను నీకు చెప్పకూడదు," అన్నాడు నీరజ్, చాలా నెమ్మదిగా.

జూలై ఇరవైమూడో తారీకు బుధవారం. అప్పటికి నాలుగు రోజులుగా ఎండలు మండుతున్నాయి. అదే రోజు స్థావరంలో పై అధికారుల ముందు ఆఖరి ప్రదర్శన, అది బాగుంటే సంతకం. దామోదర్ గారు ముందురోజే విమానమెక్కి వెళ్ళాడు. పార్సిప్పనీ ఆఫీసులో దేదీప్య ఏసీలో కూర్చుని వెబ్‌సైట్‌కి ఫొటోలు సర్దుతోంది, ఇప్పుడు ఆమెకి మిగిలిన పని అదే. పన్నెండున్నరకి రాధారాణి ఫోన్ చేసింది.

"అమ్మాయ్, మాకు కరెంటు పోయింది. నీ బండి నిద్రలేవట్లేదేం?"

ఎప్పుడు లేచిందో, కారు తాళాలు ఎప్పుడు తీసుకుందో దేదీప్యకి తెలియదు. నడుపుతూనే దామోదర్ గారికి చేసింది, నీరజ్‌కి చేసింది. రెండు ఫోన్లూ ఎడారిలో గేటు దగ్గర డబ్బాలో పడి ఉన్నాయి. కంపెనీలో తాళం తీసే అధికారమున్నది ఆ ఇద్దరికే. మెసేజ్‌లు పెట్టింది. తాళం తీయండి, నేనే అబద్ధం రాసిన, బండి మంచిగుంది, తీయండి. నెలరోజులు గొంతులో అడ్డం పడిన మాట సిగ్నల్ దగ్గర ఆగిన నిమిషంలో బయటికొచ్చేసింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

ఊరంతా సిగ్నల్స్ ఆగిపోయాయి. ముప్పావుగంట దారి రెండున్నర గంటలు పట్టింది. బిల్డింగ్ వెనక పార్కింగ్‌లో ఎనిమిదో బండి పలకలు పరుచుకుని, ఎర్రటి ఎండలో నిక్షేపంలా నిలబడి ఉంది. చిన్న స్క్రీన్ మీద బ్యాటరీ నూటికి నూరు. కింద ఎర్రక్షరాల్లో, తనిఖీ కోసం తాళం. దేదీప్య తన పేరు కొట్టింది. అనుమతి లేదు. మళ్ళీ కొట్టింది. తను ఎంచి ఎంచి పెట్టుకున్న మాటలే స్క్రీన్ మీద వచ్చాయి, దయచేసి అధికారం ఉన్నవారిని సంప్రదించండి. తలుపు మీద రెండు చేతులతోనూ బాదింది. అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు అన్నట్టు ఆ బండి తనూ ఇవ్వలేదు, ఇంకో జనరేటర్‌నీ అక్కడ ఉండనివ్వలేదు.

లిఫ్ట్ లేదు. ఐదంతస్తులూ ఎక్కింది. రాధారాణి కిటికీ దగ్గర కుర్చీలో ముందుకి వంగి, రెండు చేతులూ మోకాళ్ళ మీద ఊనుకుని ఉంది. ఉన్న ఒక్క సిలిండర్ ముల్లు ఎర్రగీత దాటిపోయింది. గదిలో గాలి పొయ్యి ముందున్నట్టుంది. అంబులెన్స్‌కి ఎప్పుడో చెప్పారట. ఊళ్ళో ఉన్న లిఫ్టులన్నిట్లోనూ మనుషులు ఇరుక్కున్నారట, వాళ్ళని తీశాక వస్తారట.

"ఏమైందే బండికి?" అంది రాధారాణి. ఒక్కొక్క మాటకీ ఆగి, ఊపిరి కూడగట్టుకుని.

నిజం చెప్పడానికి అంతకన్నా మంచి చోటు లేదు, అంతకన్నా హక్కున్న మనిషీ లేదు. దేదీప్య ఆవిడ ముందు నేల మీద కూర్చుని పాదాలు పట్టుకుంది.

"బాగుచేస్తున్నరు ఆంటీ. ఇంకో పది నిమిషాలు."

"సరే," అంది రాధారాణి. పది నిమిషాల కోసం ఊపిరి దాచుకున్నట్టు ఇక మాట్లాడలేదు.

నాలుగింటికి సిలిండర్ అయిపోయింది. తడిగుడ్డతో మొహం తుడుస్తూ, అట్టముక్కతో విసురుతూ దేదీప్య ఫోన్ వంకే చూస్తూ కూర్చుంది. ఆవిడ పెదాలు నేరేడుపండు రంగుకి తిరిగాయి. ఐదుంబావుకి అగ్నిమాపక దళం వాళ్ళు వచ్చి, కుర్చీలో కట్టి మెట్ల మీదుగా దింపారు. నాలుగో అంతస్తు మలుపులో ఆవిడ కళ్ళు తెరిచి దేదీప్య కోసం వెతికింది. దేదీప్య వెనకనే ఉంది, కనబడలేదు. తాళం తీశానని నీరజ్ జవాబు ఐదూ యాభైకి వచ్చింది. పార్కింగ్‌లో బండి ఒక్కసారి ఝుమ్మని, బిల్డింగ్‌లో మొదట మూడు ఫ్లాట్లకి కరెంటిచ్చింది. ఆ మూడింట్లో ఒకటి ఖాళీగా ఉంది. ఆరూ నలభైకి ఊరికి కరెంటొచ్చింది.

రాధారాణి మూడోరోజు ఆసుపత్రిలో పోయింది. స్పృహ రాలేదు.

దామోదర్ గారు తిరిగొచ్చి దేదీప్యని గదిలోకి పిలిచి తలుపు మూశాడు. కోప్పడితే బాగుండునని ఆ పిల్ల ఎదురుచూసింది. ఆయన కోప్పడలేదు.

"నీ మెసేజ్ నేను చెరిపేశాను. నీరజ్ కూడా చెరిపేశాడు. ఇంతవరకూ వాళ్ళ రికార్డులో ఉన్నదేమిటంటే, బ్యాటరీలో లోపం నువ్వు ముందే పట్టుకున్నావు, తాళం వేశావు, తర్వాత మావాళ్ళు చూసి సరిచేశారు. ఆ తాళం సంగతి విని పైవాళ్ళకి మా మీద నమ్మకం కుదిరింది. సంతకం చేశారు." అద్దాలు తీసి తుడుచుకున్నాడు. "పద్నాలుగు కుటుంబాలమ్మా. నీ అక్టోబర్ కూడా ఉంది. పోయినావిడ ఎట్లానూ రాదు. ఎనిమిదోదాన్ని కూడా సోమవారం తీసుకుపోతున్నారు. ఇంక ఈ మాట మనం ముగ్గురం మరిచిపోదాం."

ఆయన చెడ్డవాడైతే దేదీప్యకి అసహ్యించుకోవడానికైనా వీలుండేది. ఆమె తలూపి బయటికొచ్చింది.

ఆదివారం మధ్యాహ్నం బిల్డింగ్ కింది హాల్లో రాధారాణి కోసం సంతాప సభ పెట్టారు. ఆవిడకి ఇక్కడ చుట్టాలెవరూ లేరు కనక, ఉన్న ముసలివాళ్ళే తలా ఒక వంటకం చేసి తెచ్చారు. దామోదర్ గారు పూలగుత్తి తీసుకుని వచ్చి, గోడవారగా కూర్చున్నాడు. ఒకరి తర్వాత ఒకరు లేచి ఆవిడ నోటిదురుసు గురించి చెప్పి నవ్వారు, కళ్ళు తుడుచుకున్నారు. ఆఖర్న బిల్డింగ్ మేనేజర్ లేచింది. పెద్దమనసున్న మనిషి. దేదీప్య భుజం మీద చెయ్యి వేసి అందరికీ చూపించింది.

"ఈ అమ్మాయి ముందే పసిగట్టి ఆ మెషీన్‌ని ఆపించింది," అంది. "ఆపించకపోతే ఆ రోజు ఒకరు కాదు, మనమంతా కాలిపోయేవాళ్ళం. మా తరఫున థాంక్స్ చెప్తున్నాను."

చప్పట్లు కొట్టారు. సంతాప సభలో చప్పట్లేమిటని ఎవరూ అనుకోలేదు. వణికే చేతులతో, మనస్ఫూర్తిగా, చాలాసేపు కొట్టారు. ముందు వరసలో ఆక్సిజన్ గొట్టం ఉన్న ఒకాయన లేచి నిలబడి మరీ కొట్టాడు. గోడవార నుంచి దామోదర్ గారు ఆమె వంక చూసి, వద్దమ్మా అన్నట్టు చాలా చిన్నగా తల అడ్డంగా ఊపాడు.

"అది పాడవలేదు," అంది దేదీప్య.

ఇంగ్లీషులోనే అంది, కానీ ఎవరికీ అర్థమైనట్టు లేదు. మేనేజర్ నవ్వుమొహంతోనే ఇంకా చూస్తోంది.

"బ్యాటరీకి ఏమీ కాలేదు. దాన్ని మిలిటరీ వాళ్ళు తీసుకుపోకుండా ఉండాలని పాడైందని నేనే అబద్ధం రాశాను. తర్వాత భయపడి ఎవరికీ చెప్పలేదు. నెలరోజులు."

భుజం మీది చెయ్యి మెల్లగా జారిపోయింది. దామోదర్ గారు తల దించుకున్నాడు. నాలుగో అంతస్తులో ఉండే పాత బస్సు డ్రైవర్, రాధారాణితో రోజూ పేకాడేవాడు, కర్ర మీద బరువేసి లేచాడు. ఆయన గొంతులో కోపం లేదు. లెక్క సరిగ్గా తెలుసుకోవాలన్న పట్టుదల ఉంది.

"అయితే ఆ రోజు అది ఆమె మిషన్‌కి కరెంటు ఇవ్వగలిగేదా?"

"ఇవ్వగలిగేది."

"ఎంతసేపు?"

ఆ లెక్క దేదీప్య ఆసుపత్రి వరండాలోనే వేసుకుంది. వేసుకోకుండా ఉండలేకపోయింది.

"ఆవిడ ఒక్కదానికే అయితే," అంది, "తొమ్మిది రోజులు."